ఆకురాయికి అరిగిన పేరు

ఒక పాత జమీందారీ పట్నంలో తుపాకులు బాగుచేసే నాగలింగాచారి ఉండేవాడు; పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ, మన ఊళ్లో తయారైన వస్తువంటే అతనికి మహా చిన్నచూపు.

ఆ చిన్నచూపు ఊరికే రాలేదు. అతని దుకాణానికి పాత రెండు గొట్టాల తుపాకులు వస్తుండేవి. పనితనం ఒక్కటే అయినా, ఇంగ్లండు నుంచి వచ్చిన సీమ కంపెనీ పేరున్నది పదింతలు పలికేది. అది చూసి చూసి అతనికి పేరు పిచ్చి పట్టుకుంది.

అతని తండ్రి సోమాచారి ఒకప్పుడు జమీందారు కోసం అలాంటి తుపాకులే చేశాడు. గొట్టాల మధ్య పట్టీ మీద తన పేరు తెలుగులో చెక్కేవాడు. కొలిమి ముందు బతికి బతికి ముసలితనంలో చూపు పోగొట్టుకున్నాడు. ఆయన చేసినవాటిలో ఇంట్లో ఒక్కటే మిగిలింది. ఏటా ఆయుధపూజ నాడు దాన్ని ఒళ్లో పెట్టించుకుని, వేలితో తన పేరు తడుముకుని, ఆ అక్షరాల మీదే బొట్టు పెట్టేవాడు. పాపం, ఆ ఒక్కరోజే ఆయన మనిషిలా కనిపించేవాడు.

ఒక ఏడు దసరాకు ముందు, పాత తుపాకులు సేకరించే నవాజ్ సాహెబ్ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. మీ ఊళ్లో మంచి తుపాకీ ఉందని విన్నాను, చూడటానికి వస్తున్నాను అని అందులో ఉంది.

"సోమాచారి పేరు చూసి ఎవడు కొంటాడు?" అనుకున్నాడు నాగలింగాచారి. తండ్రికి చెప్పకుండా ఆ పేరును ఆకురాయితో అరగదీశాడు. అక్కడ ఒక సీమ కంపెనీ పేరు చెక్కి, పాతదిగా కనిపించేలా మసి పట్టించాడు.

సాహెబ్ వచ్చాడు. పేరు చదివాడు. గొట్టాలు ఊడదీసి అడుగుభాగం చూశాడు.

"ఆచారిగారూ, ఈ కంపెనీవాళ్లు గొట్టాన్ని పేల్చి చూసి ఇక్కడ పరీక్ష ముద్ర కొట్టందే తుపాకీ బయటికి పంపరు. ఆ ముద్ర లేదు. ఈ పేరు దొంగది."

సాహెబ్ గొట్టాలను మళ్లీ వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఈ పనితనం మాత్రం ఇంతకుముందు ఇంకో తుపాకీలో చూశాను. ఆ తుపాకీ మీద సోమాచారి అని ఉంది. ఆ పేరున్నది ఇంకొకటి దొరుకుతుందనే ఇంత దూరం వచ్చాను."

"ఇదే సాహెబ్! మా నాన్న చేసిందే, ఒట్టు!"

"కావచ్చు. కానీ పేరేదీ? అబద్ధం చెక్కిన చేతిని నేనెలా నమ్మను?" అని సాహెబ్ లేచి వెళ్లిపోయాడు.

ఆయుధపూజ వచ్చింది. సోమాచారి తుపాకీ తెప్పించుకున్నాడు. వేలు పట్టీ మీద ఒకసారి నడిచింది, మళ్లీ వెనక్కి నడిచింది.

"ఇది నాది కాదురా. నాదేదీ?"

"అదే నాన్నా."

"నా పేరు నాకు తెలీదట్రా?"

కొడుకు ఏడుస్తూ జరిగింది చెప్పాడు. ముసలాయన తిట్టలేదు. "తీసుకుపో దాన్ని" అన్నాడు. కుంకుమ వేలికే ఉండిపోయింది.

మరుసటి దసరా రాకముందే ఆయన కన్నుమూశాడు. నాగలింగాచారి దొంగ పేరు అరగదీసి, తండ్రి పేరు మళ్లీ చెక్కాడు. గుంట పడిన ఆ పట్టీ చూసి వచ్చినవాళ్లంతా నవ్వేవారు. "ఈసారి ఇదెవరి పేరు, ఆచారీ?" అని అడిగేవారు. అతను తలొంచుకునేవాడు.

నీతి: సొంత పేరును తక్కువచేసి అరువు పేరు తగిలించుకుంటే, అరువు పేరు నిలవదు, చెరిపేసిన సొంత పేరు తిరిగి రాదు.