వంతెన దూలం మీద రెండు వ్యాసాలు

రేలవాగుకి ఈ గట్టున ఒక విశ్వవిద్యాలయం, ఆ గట్టున ఇంకోటి. అడవిలో చదువు పొంగిపొర్లిపోయి రెండు కట్టారనుకునేరు, అదేం కాదు. ఒకటే కడితే పెద్ద కుర్చీలో ఏనుగు కూర్చోవాలా, ఎలుగు కూర్చోవాలా అన్నది తేలలేదు. అందుకని రెండు కట్టారు. ఉత్తరగట్టుకి ఏనుగు గజపతి గారు, దక్షిణగట్టుకి ఎలుగు భల్లూకమ్మ గారు ఉపకులపతులయ్యారు. ఇద్దరి కుర్చీల ఎత్తూ ఒకటేనట. కొలిచింది నేను కాదు లెండి, వాళ్లే వారం వారం కొలుచుకుంటారు.

అప్పట్నుంచీ రెండు గట్ల మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అటునుంచి వచ్చిన పిట్ట ఇటు రెట్ట వేసినా కుట్రే. ఇటువాళ్లు తుమ్మినా అటువాళ్లకి అవమానమే. ఈ మంటలో ఎండుపుల్లలు వెయ్యడానికి రెండువైపులా విద్యార్థి పత్రికలున్నాయి. ఉత్తరగట్టు పత్రిక పేరు 'గట్టు గళం'. దానికి సంపాదకుడు నక్క జంబుకేశ్వర్రావు. చదువు ఎప్పుడు పూర్తవుతుందని ఎవరైనా అడిగితే, "పత్రికని ఎవరి చేతుల్లో పెట్టి వెళ్లమంటారు?" అని కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. అలా తొమ్మిదేళ్లుగా విద్యార్థే.

ఆయన రాసే అభిప్రాయాల శీర్షిక పేరు 'నిష్పాక్షిక నేత్రం'. నవ్వకండి. ఆ పేరు ఆయనే పెట్టుకున్నాడు.

ఆయన పనిచేసే తీరు కూడా చెప్పాలి. ఉత్తరాలన్నీ టేకాకుల మీద రాసి వచ్చేవి. ఆకు కొసన ఎవరు, ఏ గట్టు అన్నది రాసి ఉంటుంది. జంబుకేశ్వర్రావు ఆ కొస ఒక్కటే చూసేవాడు. ఉత్తరగట్టు అని ఉంటే మెచ్చుకోలు వ్యాసం, దక్షిణగట్టు అని ఉంటే చీల్చి చెండాడే వ్యాసం. లోపల ఏముందో చూడ్డం ఆయనకి అలవాటు లేదు. వ్యాసం కింద మాత్రం ఆ ఉత్తరాన్ని పొల్లుపోకుండా అచ్చు వేయించేవాడు. అదేమంటే, "పాఠకుడి మీద గౌరవం" అనేవాడు. తాను చదవనిది పాఠకుడి చేత చదివించడం ఏం గౌరవమో మరి!

దక్షిణగట్టు పత్రికలో కొంగమ్మ కూడా తక్కువ తినలేదు. ఆవిడ ఆర్నెల్లుగా గజపతి గారి చెవుల సైజు మీద ధారావాహిక నడుపుతోంది.

ఈ గొడవలేవీ పట్టని జీవి ఆ రెండు గట్ల మధ్యా ఒక్కటే ఉంది. అది ఎద్దు నందయ్య. పాక ఉత్తరగట్టున, పని రెండు గట్లకీ. రోజూ పొద్దున్నే రెండు హాస్టళ్ల మెస్సులకీ గడ్డీ, దుంపలూ, పళ్లూ బండికెత్తుకుని వాగు మీద కొయ్య వంతెన దాటేవాడు. ఎవరు గొప్ప అని అడిగితే, "ఇద్దరూ కడుపునిండా తింటారయ్యా, అంతవరకు నాకు తెలుసు" అనేవాడు.

ఒక బుధవారం బండి వంతెన మధ్యకి వచ్చేసరికి కింద నుంచి కేక వినిపించింది.

"నందయ్య బాబాయ్! ఆగాగు! ఇంకొక్క అడుగు వేశావంటే నా మీద ఒట్టే!"

వంగి చూస్తే ఒంటినిండా పొలుసులున్న అలుగు అచ్చమాంబ. దక్షిణగట్టులో కొయ్యశాస్త్రం చదువుతోంది. వంతెన దూలానికి తోకతో వేలాడుతూ మూతి తుడుచుకుంటోంది.

"అక్కడేం చేస్తున్నావే తల్లీ?"

"భోజనం. వారం రోజులుగా నాకు రెండు పూటలా ఈ నడిమి దూలంలోనే భోజనం. చెదలు బాబాయ్, చెదలు! పైన పటారం లోన లొటారం. వేలుపెట్టి పొడిస్తే మోచెయ్యి దాకా వెళ్తోంది."

నందయ్య ఉన్నచోటే ఆగిపోయాడు. కింద చూస్తే వానాకాలపు నీళ్లు, నీళ్ల మధ్య బండరాళ్లు. మెల్లగా, గిట్టల చప్పుడైనా కాకుండా, వెనక్కి నడిచాడు.

"మీ గజపతి గారికి చెప్పు బాబాయ్. ఈ ఏడాది మరమ్మతు మీ గట్టు వంతు. ఆదివారం ఆటల పండగకి పిల్లజింకలు, కుందేళ్లు, అందరూ దీనిమీదే కదా నడిచేది!"

నందయ్య వెళ్లి చెప్పాడు. గజపతి గారు చెవులు విసురుకుంటూ విన్నారు. "అంత ప్రమాదమైతే మన పేపర్లో వచ్చేది కదయ్యా? రాలేదే!" అన్నారు. పేపర్లో రాని చెదలు తినవని ఆయన నమ్మకం.

సరే, పేపర్లోనే వేయిద్దామని అచ్చమాంబ టేకాకు మీద నాలుగు ముక్కలు రాసిచ్చింది. "వంతెన నడిమి దూలాన్ని చెదలు తినేశాయి. పైకి కనబడదు. బరువు పడితే విరుగుతుంది. దూలం మార్చేదాకా ఎవరూ దాటకూడదు." అంతే. కొసన తన పేరు, దక్షిణగట్టు అని రాసింది. గురువారం పొద్దున నందయ్య దాన్ని పట్టుకెళ్లి 'గట్టు గళం' కార్యాలయంలో ఇచ్చాడు.

జంబుకేశ్వర్రావు కొస చూశాడు. ముఖం చిట్లించాడు. మరుక్షణం ఈక తీసుకుని రాయడం మొదలుపెట్టాడు.

"అయ్యా, లోపల చూడండి. వంతెన సంగతి" అన్నాడు నందయ్య.

"వంతెనా? ఓహో, అదా! ఆదివారం ఆటల్లో మనచేత ఓడిపోతామని భయం పట్టుకుంది వాళ్లకి. ఆడలేక మద్దెల ఓడంటారే, వీళ్లు వంతెన ఓడంటున్నారు. చూడు, మొదటి వాక్యమే అదిరింది. 'వంతెన ఇనుములా ఉంది, తుప్పు పట్టింది ఎదురుగట్టు బుర్రలకే.'"

"ఒక్కసారి చదవండి బాబూ, నాలుగు ముక్కలే."

"చదివితే అభిప్రాయం పాడైపోతుంది నందయ్యా. నువ్వు బండి లాగుతావు, నేను సమాజాన్ని లాగుతాను. ఎవరి పని వాళ్లం చేసుకుందాం."

నందయ్య కాళ్లీడ్చుకుంటూ బయటికొచ్చాడు. ఏం చేస్తాడు పాపం! బండి తోలకపోతే అవతల హాస్టల్ పిల్లలు పస్తులు. తోలితే తన ప్రాణం పోతుంది. ఆ పూట పావు బండి సరుకే వేసుకుని, వంతెన అంచున దూలం గట్టిగా ఉన్నచోట కాలు పెడుతూ, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని దాటాడు. అవతలివైపు అచ్చమాంబ ఎదురుచూస్తోంది.

సంగతి విని ఆ పిల్ల ముడుచుకుని బంతైపోయింది. "పోనీలే బాబాయ్. నా పేరు చూసి తిట్టిపోస్తే నేనేం చెయ్యను? రేపు ఎవరైనా పడిపోతే అప్పుడు చదువుతారు" అంది. కళ్లు తుడుచుకుంది.

"ఆ ఏడుపు ఆపు. అదే ఉత్తరం ఇంకో ఆకు మీద రాయి" అన్నాడు నందయ్య.

"అదే ఉత్తరమా?"

"అక్షరం మార్చకు. కొసన మాత్రం నా పేరు పెట్టు. నందయ్య, ఉత్తరగట్టు. నా పాక అక్కడే కదా, అబద్ధమేముంది? దూలం మీద నడిచేవాణ్ణి నేను, ఆ మాట చెప్పే హక్కు నాకూ ఉంది."

అచ్చమాంబ రాసింది. నందయ్య గిట్ట ముద్ర వేశాడు. సాయంత్రానికి ఆ ఆకు జంబుకేశ్వర్రావు బల్లమీదికి చేరింది.

ఆయన కొస చూశాడు. ఈసారి మీసాలు విచ్చుకున్నాయి.

"ఓరి నీ! మనవాడివే! ఉత్తరగట్టు బిడ్డవి! బండి లాగే చేతులతో... కాళ్లతో కలం పట్టావా? దేని గురించి?"

"వంతెన గురించేనయ్యా. నడిమి దూలం పుచ్చిందని. ఈసారైనా లోపల చదవండి. పొద్దున ఆ పిల్ల..."

"ఆ పిల్ల పేరెత్తకు! ఉత్తరగట్టు మేధస్సు ముందు దాన్ని పోలుస్తావా?" అని అప్పుడే రాయడం మొదలుపెట్టాడు. "'మనవాడి మహా పరిశోధన! కొయ్య లోపలికి చూడగలిగిన కన్ను ఉత్తరగట్టుకే సొంతం. వంతెన పుచ్చడానికి కారణం ఎదురుగట్టు వాళ్ల అడ్డదిడ్డపు నడక.' ఎలా ఉంది?"

"బాగా రాస్తారయ్యా" అన్నాడు నందయ్య. చదవమని రెండుసార్లు బతిమాలాడు, చదవలేదు. ఇక ఆయన ఖర్మ.

అచ్చు వేసేది వడ్రంగిపిట్ట. రెండు వ్యాసాలూ, రెండు ఉత్తరాలూ ముందేసుకుని ముక్కు గోక్కుంది. "బాబూ, ఈ రెండు ఉత్తరాలూ..."

"నీకు ముక్కుతోనే పని, బుర్రతో కాదు. పక్కపక్కనే వెయ్యి. ఒక కంట్లో వాళ్ల అజ్ఞానం, ఇంకో కంట్లో మన విజ్ఞానం, పాఠకుడికి ఒకేసారి కనబడాలి."

పిట్ట పక్కపక్కనే వేసింది. దానిదేం పోయింది?

శనివారం పొద్దున వంతెన దగ్గర రెండు గట్లవాళ్లూ గుమిగూడారు. మర్నాటి ఆటల పండగకి రిబ్బను ఎవరు కత్తిరించాలో తేల్చుకోవడానికి ఉపకులపతులిద్దరూ వచ్చారు. నందయ్య బండి పండగ సరుకుతో నిండుగా నిలబడి ఉంది. అప్పుడే 'గట్టు గళం' వచ్చింది. దాన్ని అటువాళ్లూ ఎగబడి తీసుకుంటారు, కోపం తెచ్చుకోవాలి కదా!

మొదట ఒక కుందేలు కిసుక్కుమంది. తర్వాత కోతుల గుంపు. తర్వాత వాగుకి రెండువైపులా ఒకేసారి నవ్వు లేచింది. రెండు గట్లూ కలిసి ఒక పని చెయ్యడం అదే మొదలు.

గజపతి గారు పేపరు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశారు.

"ఏమయ్యా జంబుకేశ్వర్రావు! ఈ పక్క ఉత్తరం, ఆ పక్క ఉత్తరం అక్షరం తేడా లేదు. ఇక్కడేమో పచ్చి అబద్ధం అన్నావు, అక్కడేమో మహా పరిశోధన అన్నావు. ఇంతకీ వంతెన విరుగుతుందా, విరగదా?"

నక్క పేపరు లాక్కుని చూసుకున్నాడు. తొమ్మిదేళ్లలో ఉత్తరం చదవడం ఇదే మొదటిసారి. చెవులు వేలాడిపోయాయి.

"అది... అది మనం ఏ గట్టున నిలబడి చూస్తున్నామన్న దాన్నిబట్టి ఉంటుందండీ."

"నేను మధ్యలో నిలబడి చూస్తానయ్యా రోజూ. నాకేం చెప్తారు? ఈ బండి తోలమంటారా, వద్దంటారా?" అన్నాడు నందయ్య.

వద్దంటే ఆ అలుగు పిల్ల చెప్పింది నిజమని ఒప్పుకోవాలి. అటుపక్క కొంగమ్మ అప్పుడే ముక్కు నూరుకుంటూ రాసుకోవడానికి సిద్ధంగా ఉంది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం మన నక్క. (కుందేళ్లు ఏమీ అనుకోకండి, సామెత నాది కాదు.)

"మొదటి వ్యాసమే ఖాయం! వంతెన ఇనుములా ఉంది! ఇదిగో, నేనే చూపిస్తా!" అని గబగబా వంతెన ఎక్కాడు.

"నడిమికి పోకండయ్యా!" అని నందయ్య అరిచాడు. "దిగండి, విరుగుతుంది!" అని అచ్చమాంబ అవతల నుంచి గొంతు చించుకుంది.

"విన్నారా, భయపెడుతోంది!" అని నక్క సరిగ్గా నడిమి దూలం మీదికి వెళ్లి ఒక గెంతు గెంతాడు. ఏం కాలేదు. రెండో గెంతు గెంతాడు. దుమ్ము రాలింది. "చూశారా ఎదురుగట్టు అబద్ధం?" అంటూ మూడో గెంతు గెంతేసరికి ఫెళ్లుమంది. సంపాదకుడు, ఆయన చేతిలో పేపరు, పుచ్చిన దూలం కలిసి వాగులో పడ్డాయి.

రాయికి తగలకపోవడం ఆయన అదృష్టం. నీళ్లు మింగుతూ, తేలుతూ కొట్టుకుపోతున్నాడు. అచ్చమాంబ ఒడ్డున ఉన్న మోకు విసిరింది. భల్లూకమ్మ గారు రెండో కొస పట్టుకున్నారు.

"పట్టుకో అన్నా, పట్టుకో!"

నక్క మోకు అందుకోబోయి ఆగాడు. నోట్లో నీళ్లు ఉమ్మి, "ఇంతకీ... ఇది ఏ గట్టు మోకు?" అన్నాడు.

వాగు ఇంకోసారి ముంచింది. అప్పుడు పట్టుకున్నాడు.

ఒడ్డుకి లాగి పడేశాక అచ్చమాంబ ఆయన వీపు మీద చరిచి నీళ్లు కక్కించింది. ఇటు గట్టున గజపతి గారు నందయ్య బండినీ, దాని నిండా ఉన్న సరుకునీ, విరిగిన దూలాన్నీ మార్చి మార్చి చూశారు. ఆ చెవులు మొదటిసారి కదలకుండా ఉన్నాయి. "నందయ్యా, నువ్వు నోటితో చెప్పినప్పుడే వినాల్సింది. తప్పు నాది" అన్నారు. నందయ్య తలూపి, సరుకు చెడకుండా గోనెపట్టాలు కప్పే పనిలో పడ్డాడు. అవతలి గట్టున తడిసి ముద్దయిన జంబుకేశ్వర్రావుకి తిరిగి ఇంటికి రావడానికి వంతెన లేదు. కొత్త దూలం వేసేదాకా పదిహేను రోజులు దక్షిణగట్టు మెస్సులోనే, నందయ్య మోకుకి కట్టి అవతలికి పంపిన దుంపలే, అచ్చమాంబ పక్కనే కూర్చుని తిన్నాడు.

అదండీ సంగతి: ఎవరన్నారని చూసి తీర్పు రాసేవాడికి, ఏమన్నారన్నది మునిగాకే తెలుస్తుంది.