కబురొచ్చేదాకా ముట్టుకోకు

గవర్రాజు ఇంట్లో తెలివికి ఏనాడూ లోటు లేదు. వాడకుండా దాచుకోవడం వల్ల అది కొత్తగానే ఉండిపోయిందని వీధిలోవాళ్ళు అనేవారు. అది మెచ్చుకోలనుకుని గవర్రాజూ, తమ్ముడు నూకరాజూ మురిసిపోయేవారు. కొరతల్లా ఒక్కటే, గవర్రాజుకి ఇంకా పెళ్ళి కాలేదు. ఇన్నాళ్ళకి ఒక సంబంధం దగ్గరదాకా వచ్చింది. అమ్మాయి పేరు వరహాలు. ఫోటో చూసిన దగ్గర్నుంచీ గవర్రాజుకి ముద్ద దిగడం లేదు. ఇవాళ మధ్యాహ్నం వాళ్ళ నాన్న సన్యాసినాయుడుగారు ఇల్లు చూసి, భోంచేసి వెళ్ళడానికి వస్తున్నారు.

ఆ పొద్దున అన్నదమ్ముల అక్క మొగుడు భాస్కరం వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పట్నంలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాడు.

"ఏటి బావా, అంత దీక్షగా రాస్తన్నావు?" అన్నాడు గవర్రాజు.

"ప్రోగ్రామ్ ఒక ఫైలు చదవాలిరా. సొంతంగా చదవలేదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగాలి. 'చదివి ఈ గిన్నెలో పొయ్యి' అని ఒక మాట చెప్పేసి, కాచుక్కూర్చోకుండా వేరే పనులు చూసుకోవాలి. అయ్యాక అదే కబురు చేస్తుంది. కబురొచ్చేదాకా గిన్నె మాత్రం ముట్టుకోకూడదు. అంతే, ఒక్కడే పదిమంది పని చెయ్యొచ్చు" అని చెప్పి భాస్కరం బస్సెక్కేశాడు.

ఇంకేముంది! అన్నదమ్ములకి వంట గుట్టు తెలిసిపోయింది.

గవర్రాజు బియ్యం పొయ్యి మీద పెట్టి, "ఉడికించి ఈ గిన్నెలోనే ఉంచు, అయ్యాక కబురు చెయ్యి" అని పొయ్యికి చెప్పాడు. గేదె కింద బకెట్టు పెట్టి, "పాలు ఇందులో పొయ్యి" అని గేదెకి చెప్పాడు. మోటారు స్విచ్ వేసి, "తొట్టి నింపు" అని మోటారుకి చెప్పాడు. ముగ్గురికీ పని పురమాయించాక, తీరిగ్గా గెడ్డం గీసుకోడానికి కూర్చున్నాడు.

"అన్నా, ఏదో మాడు వాసనొస్తంది" అన్నాడు నూకరాజు.

"వాసన కబురెలాగవుతాదిరా? ముట్టుకోకు."

"గేదె బకెట్టు మీద కూకుంది."

"దాని పని దాన్ని చేసుకోనీ."

"నీళ్ళు గుమ్మం దాటి వీధిలోకెళ్ళిపోతన్నాయి."

"వెళ్ళనీరా. కబురు చెప్పడానికే వెళ్తన్నాయేమో!"

సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది. గవర్రాజు సగం గెడ్డం నురగతోనే పరిగెత్తాడు. గుమ్మంలో సన్యాసినాయుడుగారు, పంచె మోకాళ్ళదాకా తడిసి నిలబడున్నారు.

"కబురొచ్చిందిరా!" అని అరిచి, ఆయన చేతులు పట్టుకున్నాడు గవర్రాజు. "ఏది అయిందండీ? తమరు అన్నం తరఫునొచ్చారా, గేదె తరఫునా?"

పెద్దాయన తడిసిన పంచె పిండుకున్నారు. "నేను... వరహాలు తరఫునయ్యా" అన్నారు.

"ఆ పని మేం ఎవరికీ పురమాయించలేదే!" అన్నాడు నూకరాజు.

గవర్రాజు తమ్ముణ్ణి ఒక్కటి మొట్టి, పెద్దాయన్ని లోపలికి నడిపించి, విస్తరేశాడు. నల్లటి బొగ్గన్నం, నలిగిన ఖాళీ బకెట్టు ముందు పెట్టాడు. సన్యాసినాయుడుగారు విస్తరినీ, గవర్రాజునీ మార్చి మార్చి చూసి, మెల్లిగా లేచారు.

"ఇంటికెళ్ళి కబురు చేస్తాం బాబూ" అన్నారు.

అలా అని లేచినవాళ్ళు మళ్ళీ మొహం చూపించరని పెళ్ళి చూపులెరిగిన ప్రతివాడికీ తెలుసు. గవర్రాజుకి మాత్రం ఆనందంతో కళ్ళ నీళ్ళు తిరిగాయి. "విన్నావురా? కబురు చేస్తారంట! మావయ్యగారిది కూడా మన పద్ధతే! మరి మనం కాచుక్కూచోకూడదు."

మళ్ళీ సెలవులకి వచ్చిన భాస్కరం వీధి మలుపులోనే ఆగిపోయాడు. ఇంటి ముందు తాటాకు పందిరి, సన్నాయి, బంతుల్లో కూర్చుని భోంచేస్తున్న జనం. లోపల గవర్రాజు బాసికం కట్టుకుని, ఒళ్ళంతా తలంబ్రాలతో పీట మీద వెలిగిపోతున్నాడు. మూల నూకరాజు అప్పగింతల ఏడుపు ఏడుస్తున్నాడు.

"పెళ్ళికూతురేదిరా?" అన్నాడు భాస్కరం.

"కబురు రావాలి బావా. ఈలోగా మిగతా పనులన్నీ కానిచ్చేశాం" అన్నాడు గవర్రాజు సిగ్గుపడుతూ.

భాస్కరం పక్కకి చూశాడు. రెండో పీట ఖాళీగా ఉంది. దానికి మూడు ముళ్ళూ వేసి తాళి కట్టేసి ఉంది. కూర్చోబోతాడేమోనని గవర్రాజు గభాల్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"కబురొచ్చేదాకా ముట్టుకోకు బావా!"