కొసరు కొమ్మ

నువ్వు నమ్మవే. పందెం కాస్తా, నమ్మవు. అయినా చెప్తా.

మా అన్నయ్య సూరిబాబు విమలాంబ మేడం దగ్గర పని నేర్చుకుంటున్నాడుగా. బయటిదేశం మొక్క వస్తే అది ఇక్కడ పిచ్చిమొక్కలా పాకిపోద్దా లేదా చూసి, ఉంచాలో కాల్చాలో తేల్చే మేడం. ఏదడిగినా జవాబు చెప్పదు, పని చెప్తది. అదో రకం.

ఈసారి ఆవిడ చూసేది మా నర్సరీ మొక్కల్నే. నాన్న థాయిలాండ్ నుంచి తెప్పించిన ఊదాపూల తీగ. షెడ్డు నిండా అదే, తాళమేసి ఉంది. ఆవిడ వద్దంటే మొత్తం మంటల్లోకే. నాన్నకి అన్నం దిగట్లేదు.

పొద్దున అన్నయ్య అడిగేశాడు. "మేడం, దీనికి గింజ పట్టదు. పిట్ట తినదు. కొమ్మ గుచ్చితేనే బతుకుద్ది. మరి గేటెలా దాటుద్దండీ? నడిచెళ్తదా?"

ఆవిడ మామూలు క్రోటన్ కుండీ ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టింది. "ఇదే ఆ తీగ అనుకో. సాయంత్రం దాకా గేటు దాటనివ్వకు."

అన్నయ్య పక్కనే కూర్చున్నాడు, పోలీసులా.

ఒకావిడ గులాబీ మొక్కలు కొని, ఆ క్రోటన్ వైపు వేలు చూపించింది. "ఇన్ని కొన్నాను, కొసరేదయ్యా?"

"ఇది అమ్మేది కాదండి."

"కొంటానన్నానా? ఓ కొమ్మ విరిచివ్వు, నీ సొమ్మేం పోద్ది!"

విరిచిచ్చాడు. వెనకావిడ ఊరుకుంటదా? "ఆవిడకిచ్చి నాకివ్వవా?" ఆ తర్వాత ఆటో అతను. వాళ్లావిడకి రంగు ఆకులంటే ఇష్టమంట. మాకు కొసరియ్యకుండా పంపడం అలవాటే లేదు కదే, నేనూ ఓ కొమ్మ విరిచిచ్చా.

సాయంత్రానికి కుండీలో మోడు మిగిలింది. అన్నయ్య మాత్రం ఛాతీ విరుచుకుని, "కుండీ కదల్లేదు మేడం!" అన్నాడు.

మేడం మోడు వైపు చూసింది. "కొమ్మలు ఏ ఊళ్లకెళ్లాయి?"

"అదీ... అడగలేదండి." అప్పుడు వాడి మొహం చూడాలి. వెళ్లి షెడ్డు తాళం తీసి, తీగ కుండీలు కాల్చడానికి బయటికి మోయడం మొదలెట్టాడు. ఎవరూ చెప్పలేదే!

నాన్న పరిగెత్తుకొచ్చాడు. "మేడంగారూ, మొక్కేం తప్పు చేసిందండీ?"

"మొక్కది తప్పని నేనెప్పుడన్నాను వీర్రాజుగారూ?" అంది మేడం.

అదేంటే మరి? తప్పు లేకపోతే కాల్చడం దేనికి? నాకైతే బుర్ర తిరిగిపోతంది, నీకేమన్నా అర్థమైతే

ఉండు నాన్న కేకేస్తన్నాడు, కుండీలు అందియ్యాలంట