పాండురంగారావు పేజీ

ఆ ఆదివారం విశాలాక్షి మగ్గం గదిలోకి వస్తూనే చేతిలోని కాగితాల కట్టను చాప మీద పెట్టింది. ఎప్పటిలా నమస్కారం చేసింది గానీ, ఎప్పటిలా కూర్చోలేదు.

"గురువుగారూ, నిజం రాయడం తప్పవుతుందా?"

కోటీశ్వరయ్యగారు నేత ఆపి తలెత్తారు. మంగళగిరిలో అరవై ఏళ్ళుగా చీరలు నేస్తున్న మనిషి. కాషాయం కట్టలేదు, మఠం పెట్టలేదు. మనసు బాగాలేనివాళ్ళు వచ్చి ఆయన మగ్గం పక్కన కూర్చుంటారు. కాసేపటికి లేచి వెళ్ళిపోతారు. విశాలాక్షి గుంటూరులో తెలుగు లెక్చరరు. తొమ్మిదేళ్ళుగా ఆదివారం ఆదివారం వస్తోంది.

"కూర్చోమ్మా. ఏం రాయాలి?"

ఆమె చెప్పింది. డిగ్రీ కలిసి చదివినవాళ్ళంతా ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చే నెలలో కలుసుకుంటున్నారు. ఆ రోజు అందరికీ పంచడానికి ఒక పుస్తకం వేస్తున్నారు. మనిషికో పేజీ. ఏం చేస్తున్నారు, ఎక్కడ ఉంటున్నారు, పిల్లలేం చదివారు. ఆ పని విశాలాక్షి నెత్తిన పడింది. పడిందని పైకి విసుక్కుంది గానీ, మూడు నెలలుగా ఆమెకు అదే లోకం. ఒక్కొక్కరికీ ఫోన్లు చేసింది. మూర్తి జిల్లా జడ్జి అయ్యాడు. క్లాసులో ఎప్పుడూ నిద్రపోయే హైమకి అప్పుడే మనవరాలు. లెక్కలంటే ఏడ్చే ఫాతిమా కూతురు లెక్కల్లోనే పీహెచ్‌డీ చేస్తోంది. వింటూ, నవ్వుతూ, ఒకళ్ళిద్దరి కబురు తెలిసి ఏడుస్తూ, ముప్పై ఎనిమిది పేజీలు పూర్తి చేసింది.

చిక్కంతా పాండురంగారావు పేజీ దగ్గర వచ్చింది.

"చదువు," అన్నారు గురువుగారు.

విశాలాక్షి చదివింది. "సొంత వ్యాపారం. ఉదయం పూట బాగా రద్దీ. భార్య స్వర్ణలత వ్యాపారంలో భాగస్వామి. ఒక్కతే అమ్మాయి, మైత్రి. చదువుకుంటోంది."

"బాగుందిగా."

"బాగానే ఉంటుందండీ, నిజమైతే! మొన్న రాజ్యలక్ష్మి చూసిందట. బ్యాంకు మేనేజరులెండి, మా క్లాసే. గుంటూరులో ఫ్లైఓవరు పక్కన తోపుడు బండి మీద ఇడ్లీలు అమ్ముతున్నాడట. తనని చూసి మొహం తిప్పుకున్నాడట. 'అబద్ధాలు అచ్చేస్తావా?' అని నన్ను నిలదీసింది."

"నువ్వేమన్నావు?"

"కనుక్కుంటానన్నాను. నాకు టైఫాయిడ్ వచ్చి నెలరోజులు కాలేజీకి వెళ్ళకపోతే, ప్రతి పాఠం నోట్సు రాసి ఇంటికి తెచ్చిచ్చినవాడు గురువుగారూ. ఉపన్యాస పోటీల్లో వాడు లేస్తే ఇంకెవరికీ బహుమతి రాదనుకునేవాళ్ళం. కలెక్టరు అవుతాడనుకున్నాం. అలాంటివాడు నా దగ్గర కూడా దాచాడు."

ఆమె చాప మీది కాగితాలు సర్దుకుంది.

"రేపు ప్రెస్సుకివ్వాలి. నేనే మార్చి రాసేద్దామనుకుంటున్నాను. టిఫిన్ బండి నడుపుతున్నాడు అని. కష్టపడి బతకడంలో సిగ్గేముంది? అది వాడికి తెలియకపోతే మనం తెలియజెప్పాలి కదండీ?"

కోటీశ్వరయ్యగారు మగ్గం గుంటలోంచి మెల్లగా లేచి, దండెం మీది కండువా తీసి భుజాన వేసుకున్నారు.

"పొద్దుట్నుంచి ఏమీ తినలేదమ్మా. కారులోనే వచ్చావుగా?"

"అవునండీ."

"ఆ బండి దగ్గరికి తీసుకెళ్ళు. ఇడ్లీ తినాలని ఉంది."

దారంతా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. విశాలాక్షికి మాత్రం ఒకటే ఆలోచన. పాండు తనని చూస్తే ఏమంటాడు? తనేం అనాలి? ఈ మూడు నెలల్లో నాలుగుసార్లు ఫోన్లో మాట్లాడింది. ప్రతిసారీ వెనక పెద్ద గోల వినిపించేది. "జనంలో ఉన్నాను విశాలా, సాయంత్రం చేస్తాను," అనేవాడు. చేసేవాడు కూడా.

బండి చుట్టూ ఆటోవాళ్ళు, ఆస్పత్రి డ్యూటీ దిగిన నర్సులు, ట్యూషనుకి బ్యాగు తగిలించుకున్న పాప ఒకతె. మధ్యలో పాండు. జుట్టు సగం పోయింది. కళ్ళజోడు ఆవిరి పట్టి ఉంది. దాన్ని తుడుచుకుని చూసేసరికి ఎదురుగా విశాలాక్షి.

చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది.

గురువుగారే ముందుకొచ్చి, "నాలుగు ఇడ్లీలు పెట్టు నాయనా, అల్లం చట్నీ ఎక్కువెయ్యి," అన్నారు.

పాండు ప్లేటు అందించాడు. ఆయన నిలబడే ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకుని నమిలారు.

"ఏం చేస్తుంటావు నాయనా?"

పాండు ఒకసారి విశాలాక్షి వైపు చూశాడు. తల దించుకోబోయి, ఎందుకో ఆగాడు.

"సొంత వ్యాపారమండీ."

"రద్దీ ఎప్పుడుంటుంది?"

"ఉదయం పూటండీ."

"ఆ అట్లు పోసే అమ్మాయి?"

పెనం దగ్గర అట్లు తిప్పుతున్న ఆవిడ చటుక్కున తిరిగింది. పాండు మొహంలో చిన్న నవ్వు తొంగిచూసింది. "నా భార్యండీ, స్వర్ణ. వ్యాపారంలో భాగస్వామి."

"అబ్బో, భాగస్వామినట!" ఆవిడ అట్లకాడ ఊపింది. "తెల్లారకముందు లేచి పిండి సంగతి చూసేది నేను. మీ స్నేహితుడేమో బండి దగ్గరికొచ్చి ఉపన్యాసాలిస్తాడు. మీరు విశాలాక్షిగారే కదూ? మీ గురించి చెప్పని రోజు లేదండీ. రండి, ఇలా కూర్చోండి."

విశాలాక్షి కూర్చోలేదు. ఆమె చూపు బండి వెనక ప్లాస్టిక్ స్టూలు మీద ఆగిపోయింది. అక్కడొక అమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయి. రెండు జడలు, జడలకి ఎర్ర రిబ్బన్లు. ఒళ్ళో పలక. నాలిక కొస పళ్ళ మధ్య పట్టుకుని, బలపంతో ఏదో గీస్తోంది. ఒక్కో గీతకీ మెడ మొత్తం వంగుతోంది.

గురువుగారు కూడా చూశారు. ఈసారి ఏమీ అడగలేదు.

పాండే చెప్పాడు. గొంతు తగ్గింది. "మైత్రి అండీ. పుట్టినప్పుడు ఊపిరి అందలేదు. మాటలు ఆరేళ్ళకి వచ్చాయి. అక్షరాలు మాత్రం ఇప్పుడిప్పుడే. అఆలు అయిపోయాయి, గుణింతాలు అయ్యాయి. ఈ సంవత్సరం నుంచీ పేర్లు రాస్తోంది. వచ్చిన వాళ్ళందరి పేర్లూ అడుగుతుంది. చదువుకుంటోందండీ."

ఎవరో ఆటో అతను ప్లేటు కడిగే తొట్టిలో వేసి వెళ్ళాడు. పాండు విశాలాక్షి దగ్గరికి ఒక అడుగు వేశాడు.

"రాజ్యలక్ష్మి చెప్పిందా?"

ఆమె తల ఊపింది.

"ఆరోజు మొహం తిప్పుకున్న మాట నిజమే. ఒక్కసారిగా ఏం చేయాలో తోచలేదు." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "ఆ పేజీ రాయడానికి వారం పట్టింది విశాలా. అబద్ధం రాయకూడదనే అన్ని రోజులు పట్టింది. సరిపోలేదంటే చెప్పు. మార్చిస్తాను."

విశాలాక్షి నోరు తెరిచింది. ఇంతలో కొంగు ఎవరో లాగారు.

మైత్రి. పలక గుండెలకి హత్తుకుని నిలబడింది.

"నీ పేరేంటి?"

"విశాలాక్షి."

"పెద్దది," అంది మైత్రి దిగులుగా. అక్కడే కింద చతికిలబడి రాయడం మొదలుపెట్టింది. విశాలాక్షి కూడా చీర చెంగు దగ్గరికి తీసుకుని, పక్కనే నేల మీద కూర్చుంది. ఒక్కో అక్షరమూ చాలాసేపు పట్టింది. స్వర్ణ అట్లు పోయడం ఆపి చూస్తోంది. పాండు కళ్ళజోడు పెట్టుకోవడం మర్చిపోయాడు.

పూర్తయ్యాక మైత్రి పలకని రెండు చేతులతో తిప్పి పట్టింది.

*విసాలాచి.*

విశాలాక్షి ఆ అక్షరాలకేసి చూసింది. ఇరవై ఆరేళ్ళుగా ఇలాంటివి ఎన్ని వేలు దిద్దిందో. చెయ్యి దానంతటదే బలపం కోసం కదిలింది. బలపం దాకా వెళ్ళి, మైత్రి జడ మీద ఆగింది.

"సరిపోయిందా?" అడిగింది మైత్రి.

విశాలాక్షి తలెత్తి పాండు వైపు చూసింది.

"సరిపోయిందమ్మా," అంది.

గురువుగారు ఖాళీ ప్లేటు ముందుకు చాపారు. "ఇంకో రెండు పెట్టు నాయనా," అన్నారు.