పొట్లం మీద రాయని రంగు

రాళ్లు చుట్టిపెట్టే కాగితపు పొట్లాల మీద విరూపాక్షాచారిగారు రాయి పేరు రాసేవారు, బరువు రాసేవారు. రంగు మాత్రం రాసేవారు కారు. ఏలూరులో ఆయన దగ్గర రత్నాల పని నేర్చుకుంటున్న చేతన్‌కి అది చాదస్తంగా తోచింది. ఆయన రాళ్లను ఆన్‌లైన్‌లో అమ్మే పని నెత్తిన వేసుకున్న రోజునే, పొట్లాలన్నిటి మీదా ఎర్ర సిరాతో రంగులు రాసేశాడు.

అతనికి బజారంటే మంట. ఫోటోలకు రంగులద్దే దొంగలదే రాజ్యమైపోయిందనీ, పారదర్శకతే అసలైన విప్లవమనీ రోజుకు నాలుగుసార్లు అనేవాడు. తాను మాత్రం ఉదయం పదింటికి ఉత్తరపు కిటికీ దగ్గర తీసిన ఫోటోను వెంట్రుకవాసి కూడా దిద్దకుండా అమ్మకాల పేజీలో పెట్టేవాడు. అయినా ఆ నెలలో రంగు వేరంటూ రెండు రాళ్లు తిరిగొచ్చాయి. మూడోది వస్తే పేజీ మూసేస్తామని సైటువాళ్లు హెచ్చరించారు. ఆచారిగారి ఇంట్లో పొయ్యి వెలిగేది ఇప్పుడు ఆ పేజీ మీదే.

"ఉన్నది ఉన్నట్టు చూపిస్తే జనం ఎందుకు నమ్మరు గురువుగారూ?" అని ఒక మధ్యాహ్నం నిలదీశాడు.

ఆయన గుమ్మం వైపు చూశారు. దెందులూరులో అట్ల బండి నడిపే మంగాయమ్మ చెమటలు తుడుచుకుంటూ లోపలికొచ్చి, ఉంగరానికని తెప్పించుకున్న నీలాన్ని పొట్లంతో సహా బల్ల మీద పెట్టింది.

"ఫోటోలో నెమలి కంఠం బాబూ. మా ఇంటికొచ్చేసరికి వంకాయ. రాయి మార్చేశారా, నా కళ్లు మార్చేశారా?"

చేతన్ పొట్లం విప్పాడు. కిటికీ వెలుగులో నీలం నెమలి కంఠంలాగే మెరిసింది. "చూశారా! నిజాయితీగా అమ్మేవాడంటేనే అందరికీ..." అంటుండగా ఆచారిగారు లేచి, కిటికీ మూసి, పాతకాలపు పసుపు బల్బు వేశారు. రాయి వంకాయ రంగుకు తిరిగింది. కిటికీ తీశారు. నెమలి. మళ్లీ మూశారు. వంకాయ. తిట్టడానికి ఎవరైనా దొరుకుతారేమోనని చేతన్ గదంతా చూశాడు. ఎవరూ దొరకలేదు.

"ఉంగరం ఎప్పుడు పెట్టుకుంటావమ్మా?" అని అడిగారు ఆచారిగారు.

"పొద్దుగూకాకే అయ్యా. పగలంతా చేతులు పిండిలోనే గదా! మా ఇంట్లోనూ ఇలాంటి బల్బే." ఆమె చేతన్ వైపు తిరిగింది. "చదువుకున్నోడివి, నువ్వు చెప్పు బాబూ. దీని అసలు రంగేది? పగటిదే అసలంటే ఉంచేసుకుంటా."

పగటి వెలుగే ప్రమాణమని అతను చదివిన పుస్తకాల్లో ఉంది. ఆ ఒక్క మాట అంటే చాలు, పేజీ నిలుస్తుంది. అది అబద్ధమూ కాదు. చేతన్ నోరు తెరిచాడు. కంఠతా వచ్చిన నినాదాల్లో ఒక్కటీ పైకి రాలేదు.

"మీ ఇంట్లో ఇది వంకాయేనండీ," అన్నాడు చివరికి, ఎవరి మీదో తనకే తెలియని కోపంతో. తన మనసు మారకముందే ఫోన్లో వాపసు ఒప్పుకున్నాడు.

ఆమె వెళ్లిన కాసేపటికే పేజీ మూసేసినట్టు సందేశం వచ్చింది. అది ఆయనకు చూపిస్తూ, "నేను చెప్పింది నిజమేనా గురువుగారూ?" అన్నాడు.

ఆచారిగారు సందేశం చదివారు. పాత పొట్లం మీద ఎర్ర సిరాతో ఉన్న 'నెమలి నీలం' అన్న మాటను కూడా చదివారు. రాయిని కొత్త కాగితంలో చుట్టి, పేరూ బరువూ రాసి, పెన్సిల్‌తో సహా అతని చేతిలో పెట్టారు.

"రంగు నువ్వు రాసిపెట్టు నాయనా."