దిగే స్టాపు లేని చేప

కాకినాడలో భావనారాయణ అనే బస్సు కండక్టరు ఉండేవాడు. మనసు వెన్నే గానీ, ఎవరు వచ్చి ఏ ఇబ్బంది చెప్పుకున్నా "సర్దుకుంటార్లే" అనేసి చేతులు దులుపుకునేవాడు.

ఆ మాట ఆయనకు ఉద్యోగంలో అలవాటైంది. ఇరవై రెండేళ్లుగా ఏలేశ్వరం బస్సులో టిక్కెట్లు కొడుతున్నాడు. యాభై మంది పట్టే బస్సులో తొంభై మందిని ఎక్కించి, "లోపలికి జరగండి బాబూ, కాస్త సర్దుకోండమ్మా" అంటూ ఆ ఇరుకులోనే దారి చేసుకుని వెళ్లేవాడు. ఒకరు గొణిగేవారు, ఒకరు కాలు తొక్కించుకునేవారు. చివరికి అందరూ సర్దుకునేవారు. దాంతో ఈ లోకంలో సర్దుకోనిదంటూ ఏదీ లేదని ఆయన గట్టిగా నమ్మేశాడు.

ఆ ఏడాది ఆయన మేనకోడలు తులసికి కాకినాడ పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. వాళ్లది ఏలేశ్వరానికి కాస్త ఇవతల, బస్సు దారిలోనే ఉన్న చిన్న పల్లె. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి పిల్ల తులసే. అక్క ఆమెను హాస్టల్లో చేర్చడానికి పెట్టె కూడా సర్దింది. భావనారాయణే అడ్డుపడ్డాడు.

"నా ఇల్లుండగా హాస్టలేంటక్కా? మా పిల్లలిద్దరితో పాటు ఇదీ ఒకతి. ఒక గదిలో ముగ్గురూ సర్దుకుంటార్లే," అన్నాడు.

ఆ గదిలో ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక బీరువా ఉండేవి. తులసి వచ్చాక కూడా అవే ఉన్నాయి.

ఆమె వచ్చిన నెలకు, డిపోలో తోటి కండక్టరు బదిలీ మీద వెళ్తూ తన చేపల తొట్టిని భావనారాయణకు ఇచ్చేశాడు. రెండడుగుల గాజు తొట్టి. దాన్ని చూసి భావనారాయణ చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఇంట్లో వీధివైపు ఒక చిన్న గది ఉంది. కిటికీ, గాలి, వెలుతురు, అన్నీ ఉన్న గది. వచ్చేపోయేవాళ్లకు కనబడాలని తొట్టిని ఆ గదిలోనే పెట్టాడు. తర్వాత చేపల కోసం వంతెన దగ్గర మీరావలి కొట్టుకు వెళ్లాడు.

"నాకు రంగులు కావాలి వలీ. మనిషి గుమ్మంలోనే ఆగి చూడాలి," అన్నాడు.

"రంగులంటే ఆఫ్రికా సిక్లిడ్లేనండి. అక్కడి పెద్ద సరస్సుల్లో పెరిగే జాతి. మీ తొట్టి ఎంత?"

"రెండడుగులు."

మీరావలి ఒక మూలనున్న తొట్టి చూపించాడు. అందులో బొటనవేలంత చేపలు, సన్నటి చారలతో, ఇసుకరంగులో ఉన్నాయి. "ఇవీ ఆఫ్రికావేనండి. నత్తగుల్లల్లో కాపురముంటాయి. ఆరు చేపలకు ఓ పది గుల్లలు వేస్తే చాలు, ఎవరి గుల్ల వాళ్లది. చిన్న తొట్టికి ఇవే సరిపోతాయి."

"వీటిని చూడాలంటే వచ్చినవాళ్లకు భూతద్దం కూడా ఇవ్వాలి," అని భావనారాయణ నవ్వాడు. పక్కనున్న పెద్ద తొట్టిలో నీలం, పసుపు, నారింజ రంగు చేపలు ధగధగలాడుతున్నాయి. "అవి ఇవ్వు. రంగుకు నాలుగు చొప్పున పన్నెండు."

"అవి పెరిగేవండి. పైగా ఒక్కోటీ ఒక్కో రాయి పట్టుకుని, ఇది నాదంటుంది. ఇంకోటి దగ్గరికొస్తే ఊరుకోదు. వీటికి పెద్ద తొట్టి ఉండాలి. మీ దాంట్లో వేస్తే కొట్టుకు చస్తాయి."

"నా బస్సులో తొంభై మంది సర్దుకుంటున్నారయ్యా. పన్నెండు చేపలు సర్దుకోలేవా?"

మీరావలి చేపలను కవర్లో పోసిస్తూ, "తేడా వస్తే వెనక్కి తెచ్చెయ్యండి, మొహమాటపడకండి," అన్నాడు.

పదిహేను రోజులు ఆ ఇల్లు తిరునాళ్లే అనుకోండి. పాలవాడు కూడా బిందె దించి చూసి వెళ్లేవాడు. భావనారాయణ మీసం దువ్వుకునేవాడు.

ఆ తర్వాత ఒక పెద్ద నీలం చేప తొట్టి మధ్యలోని మట్టికుండను ఆక్రమించుకుంది. మరో రెండు చెరో రాయి పట్టుకున్నాయి. మిగిలినవి అటు వెళ్తే ఇటు తరిమించుకుని, ఇటు వస్తే అటు తరిమించుకుని తిరుగుతున్నాయి. ఒక పసుపు చేప మాత్రం తిరగడం కూడా మానేసింది. నీళ్లు శుభ్రం చేసే గొట్టం వెనక, పైమూలన, అంగుళం సందులో నిలబడిపోయింది. మేత వేసినా బయటికి రాదు.

అది ముందు చూసింది తులసే. "మావయ్యా, ఆ పసుపు చేప ఏమీ తినట్లేదు. తోక కూడా చీలిపోయింది," అంది.

"కొత్త కదమ్మా. సర్దుకుంటుందిలే," అన్నాడు భావనారాయణ.

ఆ రోజు నుంచి తులసి చిటికెడు మేత తీసుకుని, ఆ మూలన మాత్రమే రాల్చేది. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. తులసి మాటలు తక్కువ పిల్ల.

భావనారాయణ కూతుళ్లు లహరి, శ్రావ్య తులసి కంటే చిన్నవాళ్లు. చెడ్డపిల్లలేమీ కారు. కాకపోతే ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గది వాళ్లది. "వదినా, అది నా కుర్చీ," అనేది ఒకతి. "వదినా, లైటు కళ్లలో పడుతోంది," అనేది ఇంకొకతి. తులసి అలాగేనని లేచి పుస్తకం పట్టుకుని బయటికి వచ్చేసేది. ఎక్కడికి వెళ్లేదో ఎవరూ అడగలేదు. మొదటి పరీక్షల్లో ఆమెకు రెండు సబ్జెక్టులు పోయాయి.

ఒక గురువారం సాయంత్రం భావనారాయణ తొట్టి ముందు కూర్చుని ఉండగా తులసి వచ్చి నిలబడింది.

"మావయ్యా, శనివారం ఊరెళ్తాను. ఇక రోజూ అక్కడి నుంచే కాలేజీకి వస్తాను."

"పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. చదివేదెప్పుడే?"

తులసి కాసేపు తొట్టి వైపు చూసింది. "కుదరకపోతే మానేస్తాను మావయ్యా," అంది నెమ్మదిగా.

అక్కకు మాటిచ్చి తీసుకొచ్చిన పిల్ల. ఏమైందని అడగాలనుకున్నాడు భావనారాయణ. కానీ నోటికి అలవాటైన మాటే ముందొచ్చింది. "కొత్తలో అందరికీ అలాగే ఉంటుంది. సర్దుకుంటావులే."

తులసి తలూపి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పసుపు చేప చచ్చి తేలింది. తోక లేదు, పొలుసులు ఊడిపోయాయి. భావనారాయణకు ఒళ్లు మండింది. దాన్ని కవర్లో వేసుకుని నేరుగా మీరావలి కొట్టుకు వెళ్లాడు.

"జబ్బు చేపను అంటగట్టావయ్యా నాకు. వచ్చిన దగ్గర్నుంచీ తిండే తినలేదు."

మీరావలి కవరును వెలుతురుకు పెట్టి చూశాడు. "జబ్బు కాదండి. దీన్ని తిననివ్వలేదు. మూలనే ఉండేది కదూ?"

"మూలనే ఉండేది. అక్కడైనా సర్దుకుంటుందనుకున్నాను."

"సార్, నేనూ మీ బస్సెక్కేవాణ్ణే. ఎంత ఇరుకైనా సర్దుకుంటాను. ఎందుకంటే పిఠాపురం రాగానే దిగిపోతానని నాకు తెలుసు. దీనికి దిగే స్టాపు ఏదండీ? పగలూ రాత్రీ అదే తొట్టి, అవే దెబ్బలు. మూలన ఉంటే సర్దుకుందని మీరనుకున్నారు. అది ప్రాణం బిగబట్టుకుని ఉందండి, అంతే."

పోట్లాటకని వెళ్లిన భావనారాయణ ఆ కవరు తీసుకుని వెనక్కి తిరిగాడు. ఆ రోజు డ్యూటీలో రెండుసార్లు చిల్లర తప్పిచ్చాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కరెంటు పోయింది. నీళ్ల మోటారు ఆపి ఉందో లేదో చూద్దామని వెనకవైపు మెట్లెక్కాడు. సగం మెట్ల దగ్గర, మోటారు స్విచ్చులున్న మూలన, తులసి గోడకు ఆనుకుని చదువుకుంటోంది. ఆయన్ను చూడగానే మోకాళ్లు దగ్గరికి లాక్కుని, ఒదిగి దారిచ్చింది.

"ఇక్కడెందుకు కూర్చున్నావమ్మా?"

"ఇక్కడ గాలి బాగుంటుంది మావయ్యా."

అక్కడ గాలి లేదు. దోమలున్నాయి. ఆమె వీపు ఆనే చోట గోడ మీద సున్నం అరిగి నున్నబడింది. ఒకటి రెండు రోజుల్లో అలా అరగదు.

భావనారాయణ గబగబా కిందికి దిగి పిల్లల గదిలోకి వెళ్లాడు. బీరువా తెరిచాడు. నాలుగు అరల్లోనూ తన కూతుళ్ల బట్టలే. వంగి మంచం కింద చూశాడు. తులసి ఊరి నుంచి తెచ్చుకున్న బ్యాగు, జిప్పు వేసి, ఇప్పుడే ప్రయాణానికి బయల్దేరినట్టు ఉంది.

"సుభాషిణీ, తులసి బట్టలు ఈ బ్యాగులోనే ఉంటాయా?" అని భార్యను అడిగాడు.

"అందులోనేనండీ."

"ఐదు నెలల నుంచీనా?"

సుభాషిణి చేతిలో గరిట పక్కన పెట్టింది. "సర్దుకుంటారులే అన్నారు మీరు. పిల్ల నోరెత్తదు కాబట్టి నేనూ అలాగే అనుకున్నాను," అంది. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ సాయంత్రమే భావనారాయణ చేపలన్నిటినీ మీరావలికి ఇచ్చేశాడు. మీరావలి వాటిని తన పెద్ద తొట్టిలోకి వదిలాడు.

"ఆ చిన్నవి ఇస్తావా ఇప్పుడు?" అని అడిగాడు భావనారాయణ.

"ముందు గుల్లలు తెండి. చోటు చూపించకుండా చేపనివ్వను," అన్నాడు మీరావలి. భావనారాయణకు ఆ మాట చెంప మీద కొట్టినట్టే తగిలింది.

ఆ రాత్రే ఖాళీ తొట్టి హాల్లోకి మారింది. ఆరు చిన్న చేపలు కావాలంటే ముందు నత్తగుల్లలు తెమ్మన్నాడని భావనారాయణ ఇంట్లో చెప్పాడు. వీధివైపు గదిలో నవారు మంచం, కిటికీ కింద బల్ల, గోడకు మూడు అరలు వచ్చాయి. లహరి తనంతట తనే ఒక కుర్చీ తెచ్చి అక్కడ పెట్టింది. భావనారాయణ తులసిని పిలిచాడు.

"ఇది నీ గదమ్మా. నా పొరపాటు తెలుసుకోవడానికి ఐదు నెలలు పట్టింది. తొట్టికి ఇచ్చిన చోటు నీకివ్వలేదు నేను. సోమవారం వస్తావో రావో నీ ఇష్టం. రాకపోతే అక్క దగ్గర తప్పు నాదేనని ఒప్పుకుంటాను."

తులసి వేళ్లతో ఖాళీ అరను ఒకసారి తడిమి చూసింది. శనివారం పొద్దున బ్యాగు తీసుకునే ఊరికి వెళ్లింది.

సోమవారం తెల్లవారి భావనారాయణ బస్సు ఏలేశ్వరం నుంచి బయల్దేరింది. పల్లె స్టాపు దగ్గర పడుతుంటే ఆయన ఫుట్‌బోర్డు మీద నిలబడి తొంగి చూశాడు. చెట్టు కింద నలుగురున్నారు. నాలుగో మనిషి తులసి. ఒక చేతిలో బట్టల బ్యాగు, ఇంకో చేతిలో గలగలమంటున్న గోనెసంచి.

"ఏంటమ్మా అది?"

"నత్తగుల్లలు మావయ్యా. కాలువ గట్టున ఏరాను. ఉడకబెట్టి, కడిగి, ఎండబెట్టాను. పద్దెనిమిదున్నాయి. ఆరు చేపలకు సరిపోతాయి కదా?"

భావనారాయణ గోనెసంచి అందుకుని జాగ్రత్తగా లోపల పెట్టాడు. విజిల్ వేయడం మర్చిపోతే డ్రైవరే వెనక్కి తిరిగి చూశాడు. ఆ రోజు మధ్యాహ్నానికల్లా బ్యాగు ఖాళీ అయి అటకెక్కింది. సాయంత్రానికి ఆరు బుల్లి చేపలు తలా ఒక గుల్ల చూసుకున్నాయి.

బస్సులో మాత్రం భావనారాయణ ఇప్పటికీ "సర్దుకోండి" అనే అంటాడు. ఇంట్లో ఆ మాట నోటిదాకా వస్తే ఆగి, ముందు చుట్టూ చూస్తాడు.

నీతి: ఎవరినైనా సర్దుకోమనే ముందు, వాళ్లకంటూ ఒక చోటు మనం ఇచ్చామో లేదో చూసుకోవాలి.