కందకంలో వెలసిన కసువుకొండ తల్లి

కసువుకొండ పాదాన, పశువుల బీడుకు ఎగువగా, నడుము లోతు కందకంలో మా తల్లి వెలసి ఉన్నది. నాలుగు మెట్లు దిగితేనే దర్శనం. అమ్మవారి చేతిలో త్రిశూలం లేదు, పార ఉన్నది. గుడిని గుంటలో ఎందుకు కట్టారని భక్తులు అడుగుతుంటారు. పాత స్థలపురాణ పుస్తకంలో దానికి రాక్షసులతో యుద్ధమని ఒక కథ అల్లిపెట్టారు. నలభై ఏళ్లుగా ఇక్కడ పూజ చేస్తున్నవాణ్ణి, ఇక ఆ కట్టుకథ చెప్పడం నా వల్ల కాదు. జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ ఊరందరి పశువులకూ వేసవి మేత ఈ బీడులోని గడ్డే. ఊరి అమ్మవారి జాతర నాడు పెదకాపు తొలి కొడవలి వేసేదాకా ఒక్క పరక కోయరాదని కట్టుబాటు. ఆ కాలంలో తిరిపాలమ్మ అనే గొల్ల ఇల్లాలు ఊరి ఆవులను కాచేది. ఒకనాటి ఉదయం కొండవాలున కొంగలూ గోరింకలూ గుంపులుగా వాలడం ఆమె చూచింది. వెళ్లి, వంగి, గడ్డి దుబ్బులు పాయదీస్తే మొదళ్ల నిండా లద్దె పురుగు. ఉన్నచోట మేత అయిపోగానే ఆ పురుగు దండుగా కదిలి పక్కనున్న పచ్చిక మీద పడుతుంది. ఆమె పరుగున రచ్చబండ దగ్గరకు వచ్చింది.

“చెన్నప్పన్నా, జాతర దాకా ఆగితే పరక మిగలదు. ఈ రోజే గడ్డి కోసేద్దాం” అన్నది పెదకాపుతో.

“అమ్మవారి కంటే ముందు నువ్వు కోస్తావా? నీ నోట్లో మన్ను పడ! పో, ఆవుల్ని చూసుకో” అన్నాడు చెన్నప్ప.

“కోయకపోతే పోనీ, బీడుకు ఎగువన కందకమన్నా తవ్వనీ అన్నా. మన పక్క గోడ నిట్టనిలువుగా చెక్కితే పురుగు ఎక్కలేదు.”

పురుగుకు అడ్డంగా కోట కడుతుందట అని అక్కడున్నవారంతా నవ్వారు. ఒక్కరూ పార పట్టలేదు. తిరిపాలమ్మ, ఆమె తోడికోడళ్లిద్దరూ మూడు రోజులు తవ్వారు. చేతులు బొబ్బలెక్కి పగిలాయి. చివర ఇరవై బారలు మిగిలాయి. ఆ ముక్క పెదకాపు మాన్యం. “నా మాన్యంలో పార దిగిందా, కాళ్లు విరగ్గొడతా” అని ఆయన మనుషులను కాపలా పెట్టాడు. ఆ చెన్నప్ప మా వంశానికి మూలపురుషుడు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నాలుగోనాడు పురుగు కదిలింది. కందకంలో పడినదాన్ని పడినట్టే ఆ ముగ్గురూ మన్ను కప్పి తొక్కారు. తవ్వనివ్వని ఇరవై బారల మీదుగా మాత్రం దండు బీడులోకి దిగింది. రెండు రోజుల్లో ఈనెలు తప్ప ఏమీ మిగలలేదు. ఊరివారికి బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? జాతరకు ముందే నేల తవ్వినందుకు అమ్మవారు ఆగ్రహించిందని తేల్చి, తిరిపాలమ్మ కుటుంబాన్ని కట్టుబట్టలతో వెళ్లగొట్టారు. ఆ వేసవిలో డొక్కలెండి సగం మంద చచ్చింది.

అప్పుడు పెదకాపుకు కల వచ్చింది. కల కూడా ఆయనకే రావాలి మరి! “తిరిపాలమ్మ రూపంలో వచ్చింది నేనే. కందకంలో నన్ను నిలపండి” అని అమ్మవారు చెప్పిందట. తెల్లవారగానే మంచి రాయి కోసం ఊరంతా కొండెక్కింది. ఆమెను వెతకడానికి ఒక్కడూ పోలేదు.

ప్రతిష్ఠ నాడు తిరిపాలమ్మే వచ్చింది. జనం కాళ్ల మీద పడ్డారు, పసుపునీళ్లు పోశారు, హారతి పట్టారు. ఆమె అవేవీ పట్టించుకోలేదు.

“మా ఇల్లు మాకియ్యన్నా. పిల్లలతో చెట్ల కింద పడి ఉన్నాం” అన్నది.

ఆ ఇంట్లో అప్పటికే చెన్నప్ప తన దూడలను కట్టేసుకున్నాడు. ఆయన రెండు చేతులూ జోడించి, “గుళ్లో ఉన్నావు కదమ్మా, ఇంక ఊళ్లో ఎందుకు?” అన్నాడు.

“నాకు మొక్కే ముందు వంగి గడ్డి చూడండిరా, దిక్కుమాలినోళ్లారా” అని ఆమె కొండ దాటి వెళ్లిపోయింది.

నేటికీ భాద్రపదంలో ఇంటికొకరు వచ్చి కందకం పూడిక తీస్తారు. నాడు తవ్వనివ్వని ఆ ఇరవై బారలనూ ప్రతిష్ఠకు ముందు తవ్వారు, అక్కడే గర్భగుడి. భక్తులు గడ్డి దుబ్బు పాయదీసి చూచిన తరువాతనే మెట్లు దిగాలి. తల్లిని కొలిచినవారి పశువులు రోగం లేక, పాడి తరగక ఉంటాయి. జాతరకు కొండ అవతల నుంచి తిరిపాలమ్మ వంశంవారూ వస్తారు. మేళతాళాలతో ఎదురేగి తొలి హారతి వారికే ఇస్తాం. పొద్దు గూకేలోగా వారు ఊరు విడవాలన్న కట్టుబాటు మాత్రం ఇంకా ఎవరూ తీసివేయలేదు. వారిని పొలిమేర దాటించి వచ్చేది పూజారినైన నేనే.